పూడిక

అక్టోబరు చివర. కోతలు అయిపోయాయి.
ఎచిగో మైదానంలో, నదికీ రైలు కట్టకీ నడుమ,
ఫుజినో గారి మూడో మడి మాత్రం
దిగిన కాలును ఇంకా వదలడం లేదు.
నా బూటు ఊడి బురదలోనే ఉండిపోతే
గట్టుమీంచి ఆవిడ నవ్వలేదు.
వెదురు కర్ర ఒకటి అందించింది.

గొట్టం మీద ఏం పోద్దాం?
రాత్రి ఆవిడ వంటగదిలో ఇదే మాట.
కంకర అన్నాను. నీటికి దారిస్తుంది, ఎన్నేళ్ళైనా కుళ్ళదు.
"పైకి తేలిందంటే నా మనవరాలి ట్రాక్టరుకి పళ్ళు రాలతాయి" అంది.
ఇసుక అని, నేనే తల అడ్డంగా ఊపాను.
సన్నటిది గొట్టం చిల్లుల్లోంచి దూరి
లోపలే పడుకుంటుంది, పిలవని చుట్టంలా.
ఉత్తరాన ముత్సు తీరంలో సముద్రపు గుల్లలు పోస్తారట.
లారీ బాడుగకే మడి అమ్ముకోవాలి.
తవ్విన మట్టినే తిరిగి పోస్తే?
ఆ మాట ఇద్దరం అనలేదు.

ఆవిడ లేచి కొట్టు తలుపు తీసింది.
ఈ యేటి ధాన్యం మరపట్టగా మిగిలిన ఊక
పైకప్పు దాకా, ఊపిరి బిగబట్టుకుని.
పనికిమాలిన మాటలకు
దాని పేరే పెట్టుకున్నాం.
గుప్పిట పట్టి పిండాను. వదిలాను.
మళ్ళీ విచ్చుకుంది.
గింజ ఖాళీ చేసిన చోటంతా నీటిదే.

"పదేళ్ళకు కుళ్ళుతుంది, మళ్ళీ తవ్వాలి" అన్నాను.
"పదేళ్ళకు నువ్వుంటావుగా" అంది.

పొద్దున్నే యంత్రం దించాను.
ఎనభై సెంటీమీటర్ల లోతు, రెండు జానల వెడల్పు,
వంద మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల వాలు.
కాలువ వైపు నుంచి మొదలు.
పాత గొట్టం తగిలింది, కాల్చిన మట్టిది,
మా నాన్న వేసింది, నాకు ఆరేళ్ళప్పుడు.
దాని మీద గులకరాళ్ళు, శుభ్రంగా, గుండ్రంగా.
ఒక మీటరు. రెండు. మూడు.
నాలుగో మీటరులో
నల్లటి బంకమన్ను.
అవతలి గట్టు దాకా బంకమన్నే.

అధికారి వంగి చూసేంత మేర రాళ్ళు.
ఆపైన, తవ్విన మన్ను తవ్విన చోటే.
ముప్పైనాలుగేళ్ళు ఈ మడి
గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఉండిపోయింది.
ఎన్ని కోతలకు ఆవిడా, పోయిన ఇసాము గారూ
మోకాళ్ళ దాకా దిగి చేత్తో కోశారో.

నిన్న రాత్రి బిస్కెట్ల డబ్బాలోంచి
ఒక రసీదు తీసి బల్ల మీద పెట్టింది.
"నది గులక, పన్నెండు లారీలు."
కింద మా ఇంటిపేరు, నరుమి, ఎర్ర ముద్ర.
టీ పోస్తూ ఊరికే పెట్టిందనుకున్నాను.

చెవుల వెనక ఊకనిప్పు రాజుకుంది.
పొగ లేదు, మంట లేదు.
"ఆ యేడు..." అన్నాను.
"తొక్కు" అంది, బస్తా విప్పుతూ.
"పోసింది పోసినట్టు వదిలేస్తే వచ్చే యేటికి కుంగుతుంది.
గట్టిగా తొక్కు."
ఒకరి వెనక ఒకరం గాడి పొడవునా తొక్కాం.
ఊక ఆవిడ తలగుడ్డలో, ఊక నా కాలరులో, నోట్లో.
పైన మూరెడు మన్ను కప్పాం.

సాయంత్రం బిల్లు రాశాను.
కొత్త గొట్టం, ఇంత. డీజిలు, ఇంత.
కూలి దగ్గర పెన్ను ఆగింది. ఖాళీగా వదిలి ఇచ్చాను.
ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి
ఆ ఖాళీలో అంకె తానే వేసింది,
ఒక్క యెన్ను తగ్గకుండా.
"రసీదులో ఊక అని రాయి" అంది.
రాశాను.

మూడో రాత్రి వాన.
టార్చి పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను కాలువ గట్టుకు.
మూత తిప్పాను.
కాసేపు ఏమీ లేదు. కప్ప కూడా లేదు.
తర్వాత గొట్టం ఒకసారి దగ్గింది,
టీ రంగు నీళ్ళు, అందులో ఒకే ఒక్క పొట్టు,
ఆ వెనక ధార.
బకెట్టు పెట్టి గడియారం చూశాను.
నిమిషంన్నరకు నిండింది.
ఒంపేసి, మళ్ళీ పెట్టాను.